కాలు వెనక్కి లాక్కునే అలవాటు

మూడు జతల బూట్లను నోటికొచ్చినట్టు తిట్టాను. మొదటి జతను మర్యాదగా ఇంగ్లీషులో, తర్వాతి రెండింటినీ అచ్చంగా మా గుంటూరు తెలుగులో. వాటిలో ఒక్కటీ నేనన్నంత చెడ్డది కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం కాళ్ళు మండుతున్నాయి, తిట్టడానికి బూట్లు ఎదురుగా ఉన్నాయి. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ని. తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే నా ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తూ, నా కాలి దగ్గరున్న తప్పును మాత్రం ఒక చలికాలమంతా పట్టుకోలేకపోయాను.

ముందు ఈ స్నోబోర్డు పిచ్చి నాకెలా అంటుకుందో చెప్పాలి. మేముండేది డబ్లిన్ పక్కన లూకన్‌లో. మా అమ్మాయికి పదకొండేళ్ళప్పుడు, స్నేహితురాళ్ళతో పాటు తనూ స్నోబోర్డింగ్ నేర్చుకుంటానని పేచీ పెట్టింది. ఈ దేశంలో మంచెక్కడుందని నవ్వాను. మంచు లేదు గానీ, డబ్లిన్ కొండల దగ్గర ఒక క్లబ్బు వాళ్ళు ఏటవాలు నేల మీద ప్లాస్టిక్ కుచ్చుల చాపలు పరిచి, వాటి మీద నీళ్ళు చల్లుకుంటూ జారతారు. వాన పడితే ఇంకా బాగా జారుతుంది. వాన మొదలవగానే ముఖం వెలిగిపోయే మనుషుల్ని ఐర్లండ్‌లో నేను చూసింది అక్కడొక్కచోటే. ప్రతి శనివారం అమ్మాయిని దింపి, కారులో కూర్చుని ఫోను చూసుకునేదాన్ని. నెల తిరిగేసరికి ఫోను మొహం మొత్తింది. పెద్దవాళ్ళకూ ఒక క్లాసు ఉందని ఎవరో అంటే, చూద్దాంలే అని దిగాను. ఏడాది తర్వాత అమ్మాయి అది మానేసి బాస్కెట్‌బాల్‌కి పోయింది. నేను ఉండిపోయాను.

ఎందుకు ఉండిపోయానో మా ఆయనకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను. నలభై మూడేళ్ళ ఆడమనిషి వానలో ప్లాస్టిక్ చాప మీద జారడమేమిటని ఆయన బాధ. ఇక్కడ చెప్తాను. వారంలో మిగిలిన గంటలన్నీ ఎవరో ఒకరి పని మీద గడుస్తాయి. ఆఫీసు, వంట, అమ్మాయి, జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు, లీజు కాగితాలు. శనివారం ఆ రెండు గంటలు మాత్రం నావి. ఆ స్నోబోర్డు పలక మీద నిలబడితే నేను ఎవరికీ ఏమీ కాను. అది నాకు హాయిగా ఉండేది. అంతే.

క్లబ్బులో మాకు నేర్పేది అరవై దాటిన ఒకావిడ. ఆవిడ జారేది మాలా కాదు. మామూలు స్నోబోర్డుకు మెత్తటి బూట్లు వేసుకుంటారు. ఆవిడది ఆల్పైన్ పద్ధతి. సన్నటి పొడుగాటి పలక, మోకాలి కింద దాకా గట్టి ప్లాస్టిక్ బూట్లు, ఆ బూట్లను పలకకు ముందొక కమ్మీ, వెనకొక కమ్మీ వేసి బిగించే బైండింగులు. అలా బిగించుకుని ఆవిడ ఒంటిని నేలకు ఆనించేంతగా వంచి మలుపు తిరిగితే, తడి చాప మీద సన్నటి గీత ఒకటి మిగిలేది. నేను జారితే చాప మీద మిగిలేది నేను పడ్డ చోటు. ఆ గీత ఒక్కసారైనా గియ్యాలని నాకు పట్టుకుంది. ఇంకేం, ఆల్పైన్‌లోకి దిగాను, కష్టాలు మొదలయ్యాయి.

నా పాదాలు పొట్టివి. వేళ్ళ దగ్గర చేటంత వెడల్పు, మడమ దగ్గర సన్నం. చిన్నప్పుడు మా నాన్న చెప్పులు కొంటే ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొనేవారు, రెండేళ్ళు రావాలని. ఆ లెక్క నా బుర్రలో అలాగే ఉండిపోయింది. మొదట క్లబ్బు వాళ్ళిచ్చిన పాత మెత్తటి బూట్లు నొక్కుతున్నాయని వదిలేశానా, రెండోసారి ఒక క్లబ్బు సభ్యుడి దగ్గర ఆయన వాడిన పలక, బైండింగులు, వాళ్ళ పిల్లలు వాడి వదిలేసిన గట్టి బూట్లు అన్నీ కలిపి తీసుకున్నప్పుడు ఒక సైజు పెద్దవి చూసి మరీ ఎంచుకున్నాను. అందులో రెండు జతల ఉన్ని సాక్సులు వేశాను. చలి కదా. మనవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. ఆ బూట్లలో నా మడమ ప్రతి మలుపులోనూ పైకి లేచేది, వేళ్ళు ముందుకు పోయి బూటు గోడకు గుద్దుకునేవి. మలుపు తిరగమని కాలితో చెప్తే, ఆ మాట పలక దాకా చేరేది కాదు. ఆ జతను తిట్టిన తిట్లు పార్కింగ్‌లో ఎవరికీ అర్థం కాకపోవడం నా అదృష్టం.

మూడోసారి బుద్ధి తెచ్చుకుని కొట్టుకే వెళ్ళాను. అక్కడ బూట్లు అమర్చే ఆయన మా నాన్న కంటే పెద్దవాడు. తెల్లటి కనుబొమ్మలు, మెడలో కొలతల టేపు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను నా ఎదురుగా నేల మీద మోకాళ్ళు వంచి కూర్చున్నాడు. నా పాదాన్ని తీసి తన తొడ మీద పెట్టుకోబోయాడు. నేను చప్పున కాలు వెనక్కి లాక్కున్నాను.

అది ఆలోచించి చేసిన పని కాదు. పెద్దవాళ్ళ కాళ్ళకు మనం దణ్ణం పెట్టాలి గానీ, వాళ్ళు మన కాళ్ళు ముట్టుకోవడమేమిటి. పొరపాటున మన కాలు వాళ్ళకు తగిలితేనే వెంటనే కళ్ళకద్దుకుంటాం. అలాంటిది ఆ ముసలాయన నేల మీద కూర్చుని నా కాలు పట్టుకుంటే, నాకు ఒళ్ళంతా కుంచించుకుపోయింది. సాక్సులు తియ్యమన్నాడు. అక్కర్లేదన్నాను. ఇక్కడ నొక్కుతోందా అంటే గ్రాండ్ అన్నాను. మడమ కదులుతోందా అంటే గ్రాండ్. బాగానే ఉంది, ఫరవాలేదు అనడానికి ఐరిష్ వాళ్ళ దగ్గర నేను మొట్టమొదట నేర్చుకున్న మాట అదే. దాంతో ఎలాంటి సంభాషణనైనా ముగించొచ్చు. నాకు కావలసిందల్లా ఆయన నేల మీంచి లేవడం. ఆయన కుర్చీ పట్టుకుని కష్టం మీద లేస్తుంటే చెయ్యి కూడా అందించాను. గంట పట్టాల్సిన పని పది నిమిషాల్లో అయిపోయింది. బూట్ల పెట్టె పట్టుకుని బయటపడి, ఎంత చక్కగా ముగించానో అనుకున్నాను.

ఆ జతతో అసలు నరకం మొదలైంది. వేసుకున్న ఇరవై నిమిషాల దాకా బాగానే ఉండేది. ఆ తర్వాత రెండో వేలు, రెండు కాళ్ళకూ, తలుపు సందులో పడ్డట్టు ఉండేది. రెండుసార్లు జారడం, తడి బెంచీ మీద కూర్చుని బూట్లు బిగించే మీటలన్నీ వదులు చేసుకోవడం, పళ్ళు బిగించి మళ్ళీ లేవడం. దానికి తోడు మోకాళ్ళు. సాయంత్రం ఇంట్లో మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. వయసు మరి అని మా ఆయన జాలిపడేవాడు. ఆ జాలి నొప్పి కంటే ఎక్కువ బాధించేది.

నిజం చెప్పాలి. ఒకరోజు స్నానం చేసి సాక్సులు తొడుక్కుంటుంటే నాకు విషయం దాదాపు అర్థమైంది. రెండో వేలికి మట్టె ఉంది. రెండు చుట్ల వెండి మట్టె, పెళ్ళిలో మా అత్తగారు తెచ్చింది. దాని చుట్టూ వేలు వాచి, వెండి కండలోకి దిగి కూర్చుంది. గోరు నల్లబడింది. మామూలు చెప్పుల్లో, మెత్తటి బూట్లలో అది ఉన్నట్టే తెలియదు. అందుకే దాన్ని కాలిలో భాగంగానే చూశాను తప్ప విడిగా ఒక వస్తువని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజు అనుకున్నాను. అనుకుని, వెంటనే సాక్సు పైకి లాగేశాను.

మా వైపు మట్టెలు తీసేది ఒక్కసారే. ఎప్పుడో అందరికీ తెలుసు. ఆ మాట పైకి కూడా అనరు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని ఎన్నోసార్లు గొప్పగా చెప్పాను. కానీ నమ్మకపోవడానికీ, నా వేలి నుంచి నేనే తియ్యడానికీ మధ్య చాలా దూరం ఉందని ఆ రోజు తెలిసింది. మా ఆయన రోజూ ఎం ఫిఫ్టీ హైవే మీద కారు నడుపుకుంటూ ఆఫీసుకు వెళ్తాడు. ఎందుకొచ్చిన గొడవ. బూట్లను తిట్టడం సులువు కాబట్టి మళ్ళీ బూట్లనే తిట్టాను.

జనవరిలో రెండు విషయాలు జరిగాయి. మొదటిది, నేర్పే ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. ఫిబ్రవరి చివర్లో క్లబ్బు వాళ్ళం వారం రోజులు ఆల్ప్స్‌కి వెళ్ళాలి. జట్టులో నాకూ చోటుంది. ఈ కాళ్ళతో వస్తే నిన్ను కొండ పైకి తీసుకెళ్ళను, కాళ్ళు నొప్పి పుడితే మనిషి పడే తీరు మారిపోతుంది, ఎముకలు విరుగుతాయి అని ఆవిడ మెత్తగానే చెప్పింది. రెండు వారాల్లో బూట్ల సంగతి తేల్చుకో, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామంది. కిల్‌డేర్‌లో ఉండే ఒక పెద్దాయన చిరునామా రాసిచ్చింది. ఆయన జీవితమంతా గుర్రపు స్వారీ వాళ్ళకు తోలు బూట్లు కుట్టాడట. చలికాలంలో ఇలాంటి ప్లాస్టిక్ బూట్లనూ సరిచేస్తాడట. కారులోకొచ్చి కూర్చుని ఏడ్చాను. ఈసారీ కుదరకపోతే పలక అమ్మేసి మానేద్దామని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఆ శనివారాలు పోతాయంటే అంత దుఃఖం వస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

రెండోది, మా అత్తగారు మూడు నెలల వీసా మీద వచ్చారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. మామగారు పోయి పదకొండేళ్ళు. వచ్చిన రెండో రోజే మా హాట్ ప్రెస్‌ని ఆక్రమించుకున్నారు. హాట్ ప్రెస్ అంటే ఇక్కడి ఇళ్ళల్లో వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర. ఐరిష్ వాళ్ళు అందులో తువ్వాళ్ళు, దుప్పట్లు ఆరబెట్టుకుంటారు. మనవాళ్ళు దోసెల పిండి పులియబెడతారు. ఆవిడ మొదటి గిన్నె పిండి పెట్టి, అది పొంగిన తీరు చూసి, ఈ దేశంలో ఈ ఒక్క అలమరా బాగుందన్నారు.

కిల్‌డేర్ వెళ్ళాల్సిన శనివారానికి ముందు రోజు, నేను స్నానం చేసి కుంటుకుంటూ వస్తుంటే ఆవిడ చూశారు.

“ఏందమ్మాయ్ ఆ వేలు?” అన్నారు.

బూట్లు నొక్కుతున్నాయని చెప్పాను. ఆవిడ వంగి చూశారు. మట్టె మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రేపు ఎక్కడికి పోతున్నావని అడిగి, ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వాన చూసి చూసి విసుగొచ్చింది, నేనూ వస్తానన్నారు.

అలా మా ఇద్దరి ప్రయాణం. చీర మీద మా ఆయన పఫర్ జాకెట్, ఉన్ని టోపీ, కాళ్ళకు స్పోర్ట్స్ షూలు. వెనక సీట్లో రెండు జతల బూట్లు, పలక. పెద్దాయన ఇల్లు ఊరికి కొంచెం ఎడంగా ఉంది. పని చేసుకునేది ఇంటి వెనక షెడ్డులో. లోపల తోలు వాసన, ఒక మూల హీటరు, గోడ నిండా వరసగా వేలాడదీసిన కొయ్య పాదాలు. ఎవరెవరి బూట్ల కోసమో వాళ్ళ వాళ్ళ కొలతలకు చెక్కినవట. అత్తయ్య టోపీ తీసేసి ఒక్కొక్క పాదాన్నీ పరకాయించి చూస్తూ నిలబడ్డారు. ఆయన మాకు టీ పెట్టి, బిస్కెట్లిచ్చి, అప్పుడు నా బూట్లు ముందేసుకున్నాడు. లోపలికి చెయ్యి పెట్టి మెల్లగా తడిమి చూశాడు. పెద్ద జతను పక్కన పెట్టేశాడు. మూడో జతను మాత్రం తిప్పి తిప్పి చూసి, ఇది మంచి బూటే కదా అన్నాడు. నాకు కోపం వచ్చింది.

సాక్సులు తియ్యమన్నాడు. ఒక జత తీశాను. కింద ఇంకో జత కనిపించేసరికి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. చలి కోసం అన్నాను. రెండు జతలు వేస్తే రక్తం ఆడదు, అప్పుడే చలి ఎక్కువ, పల్చటిది ఒక్కటి చాలన్నాడు. ఆ రెండోదీ తియ్యమన్నాడు. ఇలా ఉంచే చూడండి, గ్రాండ్‌గా ఉంది అన్నాను.

“అందరూ గ్రాండ్ అనే చెప్తారు. గ్రాండ్‌గా ఉన్నవాళ్ళెవరూ ఇంత దూరం రారు” అన్నాడాయన.

అని, ఒక దిండు నేల మీద వేసుకుని, మోకాళ్ళు వంచి, నా కాలు కోసం చెయ్యి చాచాడు. నేను లాక్కున్నాను. ఆయన మళ్ళీ చాచాడు. మళ్ళీ లాక్కున్నాను. నొప్పి పెట్టానా అని అడిగాడు. కాదన్నాను. పెద్దవాళ్ళు కాళ్ళు ముట్టుకోకూడదని ఇంగ్లీషులో ఎలా చెప్పినా, ఆయన ముట్టుకుంటే నాకేదో అసహ్యమన్నట్టే వినిపిస్తుంది. లేచి వెళ్ళిపోదామా అనిపించింది. వెళ్ళిపోతే ఆల్ప్స్ లేదు, శనివారాలు లేవు.

ఏం జరుగుతోందని అత్తయ్య గోడ దగ్గర్నుంచి అడిగారు. చెప్పాను.

“డాక్టరు నాడి చూస్తుంటే చెయ్యి లాక్కుంటావా? ఆయన పనే కాళ్ళతో. చూడనియ్యి” అన్నారు.

అని, ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. నా తరఫున క్షమాపణో, నమస్కారమో. ఆయనా నేల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చేతులు జోడించాడు. ఇక నాకు దారి లేదు. సాక్సు లాగేసి కాలు ఆయన చేతుల్లో పెట్టాను. ఆ చేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. పిడుగేమీ పడలేదు.

ఆయన నా వేలిని చాలాసేపు చూశాడు. నల్లబడ్డ గోరు, వాపు, అందులో కూరుకుపోయిన వెండి. ఇది తీసే వీలుందా అని అడిగాడు. పెళ్ళి గుర్తు, తియ్యనని చెప్పాను. అర్థమైందన్నట్టు తలాడించాడు. బలవంత పెట్టలేదు. ప్లాస్టిక్‌ను వేడిచేసి అక్కడ కొంచెం ఉబ్బిస్తాను, కానీ మలుపులో నీ బరువంతా ఆ వేళ్ళ మీదికే వస్తుంది, లోహం ఉన్నంతకాలం నొప్పి ఉండదని మాత్రం మాటివ్వలేను అన్నాడు. రెండు వారాల గడువులో ఒకటి ఇప్పటికే అయిపోయింది.

అత్తయ్య వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆయనేమన్నాడో అడిగారు. మట్టెల మాట ఆవిడకు తెలుగులో చెప్పడం, ఆయనకు ఇంగ్లీషులో చెప్పడం కంటే కష్టమైంది. తెచ్చింది ఆవిడే. పైగా ఆవిడ కాళ్ళకు అవి లేవు. తలొంచుకుని చెప్పేశాను.

ఆవిడ టీ కప్పు కింద పెట్టారు.

“నావి తీసేటప్పుడు నన్నెవరూ అడగలేదమ్మాయ్” అన్నారు. “పదో రోజు కూర్చోబెట్టి లాగేశారు. అప్పటిదాకా ఒక్క రోజన్నా తియ్యలా నేను. అయినా ఏం ఆగింది? నువ్వు తీసేది ఆడుకోవడానికి. ఆడుకుని మళ్ళీ పెట్టుకుంటావ్. రెండూ ఒకటెట్టా అవుద్ది? తియ్యి.”

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. చాలా రోజులుగా ఎవరైనా అడిగితే చెబుదామని పెట్టుకున్న మాట చెప్పినట్టు ఉంది. ఈ పదకొండేళ్ళల్లో ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆవిడతో పాటు పండగలు చేశాను. ఆ పదో రోజు గురించి ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గేసింది.

మట్టెలు ఊరికే రాలేదు. పెద్దాయన గిన్నెలు తోముకునే సబ్బు, వేణ్ణీళ్ళు తెచ్చాడు. ముందు ఎడమది తీశాను, తర్వాత కుడిది. వేలి చుట్టూ తెల్లటి గాడి. ఆ గాడికి గాలి తగిలితే కొత్తగా ఉంది. అత్తయ్య రెండు మట్టెలూ తుడిచి, కొంగు చివర ముడేసుకుని, బొడ్లో దోపుకున్నారు. వాపు తగ్గేదాకా వారం రోజులు వద్దులే అన్నారు.

ఆ తర్వాత గంటన్నరసేపు నేను కాలు వెనక్కి లాక్కోలేదు. ఆయన బూటు లోపలి మెత్తటి తొడుగును బయటికి తీసి, ఒట్టి ప్లాస్టిక్ డొప్పలో నన్ను నిలబెట్టాడు. వేళ్ళు ముందు ఆనితే, మడమ వెనక ఒకటిన్నర వేలి సందు ఉండాలట. సరిగ్గా అంతే ఉంది. సైజు కరెక్టే. కొట్టులో ఆ ముసలాయన సరైన బూటే ఇచ్చాడు. అంతకు మించి ఆయన్ని నేను చెయ్యనివ్వలేదు. ఈయన నా చిటికెన వేలి దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టి, అక్కడ డొప్పను వేడిచేసి బయటికి నొక్కాడు. తొడుగును ఓవెన్‌లో వెచ్చబెట్టి, పల్చటి సాక్సు ఒక్కటే వేయించి, నా కాలి ఆకారం దానికి పట్టేదాకా కదలొద్దన్నాడు. కదలకుండా నిలబడ్డాను. ఈలోపు అత్తయ్య బిస్కెట్లు పూర్తిచేసి, తన షూ కూడా చిటికెన వేలి దగ్గర కొరుకుతోందని ఆయనకు చెప్పమన్నారు. ఆయన దాన్నీ ఒక కొయ్య పాదానికి ఎక్కించి సాగదీశాడు.

తర్వాత పలక నేల మీద పెట్టి, బైండింగులు చూసి ఇవెవరు బిగించారని అడిగాడు. అమ్మినాయన ఎలా ఇచ్చాడో అలాగే ఉన్నాయన్నాను. ఆయనెంత పొడుగు అన్నాడు. ఆరడుగుల పైనే అన్నాను. నాది అయిదడుగుల ఒక అంగుళం. ఆరడుగుల మనిషి అంగకు బిగించిన వాటి మీద నేను కాళ్ళు ఎడం చేసుకుని నిలబడుతున్నానన్న మాట. స్క్రూలు విప్పి రెండింటినీ దగ్గరికి జరిపాడు. పాదాలు ముందుకు చూసేలా తిప్పాడు. వెనక మడమ కింద చిన్న ముక్క పెట్టి ఎత్తు చేశాడు. ఎక్కి నిలబడితే, మోకాళ్ళు వాటంతటవే వంగి కుదురుకున్నాయి. వయసు వల్ల అనుకున్న నొప్పి స్క్రూల వల్లట. ఆ మాట మా ఆయనకు ఎప్పుడెప్పుడు చెబుదామా అని తహతహలాడిపోయాను.

ఇంటికెళ్ళాక మట్టెల సంగతి కూడా చెప్పాలి కదా. అది మాత్రం నసుగుతూ చెప్పాను. మా ఆయన నా కాళ్ళ వైపు చూసి, “అంటే ఇన్నాళ్ళూ నా కోసమా వేలు నలగ్గొట్టుకున్నావ్? నన్నొక మాట అడగొచ్చుగా” అన్నాడు. అడగొచ్చు. మా ఇంట్లో అడగనివి ఇంకా ఎన్ని ఉన్నాయో.

వారమంతా ఆ ముడి ఒక చీర నుంచి ఇంకో చీరకు మారుతూ వచ్చింది. చల్లటి బూటు గట్టిపడుతుంది, వేసుకునే ముందు వెచ్చటి చోట పెట్టమని పెద్దాయన చెప్పాడు. అన్నాళ్ళూ నేను వాటిని అందరి చెప్పులతో పాటు గుమ్మం బయట వరండాలో పెట్టేదాన్ని, చెప్పులు ఇంట్లోకి తేకూడదు కాబట్టి. ఇంట్లో వెచ్చటి చోటంటే హాట్ ప్రెస్ ఒక్కటే. పిండి గిన్నె పక్కన బూట్లా అని అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. చివరికి అడుగులు కడిగించి, పాత తువ్వాలు పరిపించి, కింది అరలో బూట్లకు, పై అరలో పిండికి చోటిచ్చారు. మా అమ్మాయి అలమర తెరిచి చూసి, “దిస్ హౌస్ ఈజ్ మెంటల్” అని తలుపేసి వెళ్ళిపోయింది.

మరుసటి శనివారం వాన పడింది. అత్తయ్య కారులో కూర్చుని ఫ్లాస్కులో టీతో చూస్తానన్నారు. వెచ్చటి బూట్లలోకి కాలు దూరిపోయింది. నాలుగు మీటలు బిగించాను. ముందు కమ్మీ, వెనక కమ్మీ. మొదటిసారి జారాను. రెండోసారి జారాను. ఇరవై నిమిషాలు అయ్యాయి. నొప్పి కోసం ఎదురు చూశాను, అలవాటు కొద్దీ. రాలేదు. అరగంటైంది. రాలేదు. అప్పుడు నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అన్నాళ్ళూ పళ్ళు బిగించుకుని ఉన్నానని, బిగింపు వదిలాకే తెలిసింది. కాలితో మెల్లగా చెప్తే పలక వెంటనే వింటోంది. వంగాను. ఇంకొంచెం వంగాను. కింద దాకా వచ్చి వెనక్కి చూస్తే, తడి చాప మీద గీత ఉంది. సగం గీతే, చివర్లో చెదిరిపోయింది. అయినా నాదే. నేర్పే ఆవిడ నా బూట్ల వైపు, ముఖం వైపు చూసి, సీటు ఎవరికీ ఇవ్వనులే అంది. ఆ తర్వాత ఆల్ప్స్ వెళ్ళడం, అసలైన మంచు మీద నోరు తెరుచుకుని పడడం అన్నీ జరిగాయి. ఆ వారమంతా వేళ్ళు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది అదే.

ఆ వాన శనివారం జారడం ముగించి కారు దగ్గరికొచ్చి, తలుపు తెరిచి, అత్తయ్య పక్కన వెనక సీట్లో అడ్డంగా కూర్చుని బూట్లు లాగేశాను. కాళ్ళు వెచ్చగా, ఎర్రగా, ఏ గాయం లేకుండా ఉన్నాయి. ఆవిడ కొంగు ముడి విప్పి మట్టెలు నా చేతికిచ్చారు. తడి గ్లౌజులు తీసినా నా వేళ్ళు ఇంకా కొంకర్లు పోయే ఉన్నాయి. మట్టె చేతిలోంచి జారి కారు మ్యాటు మీద పడింది. మళ్ళీ తీశాను, మళ్ళీ పడింది. ఆవిడ వంగి తీసి, నా కాలి వైపు చెయ్యి చాచి, సగంలోనే ఆగిపోయారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“నా చేత్తో వద్దులే. ఇంటికి పోయినాక నువ్వే పెట్టుకో” అన్నారు.

ఎందుకు వద్దో నాకు తెలుసు. భర్త పోయినవాళ్ళు ఇలాంటివి ముట్టుకోకూడదని అందరూ అంటారు. ఆవిడ కాళ్ళ వైపు చూశాను. వానకు తడిసిన షూలు, సాక్సులు విప్పేసి కాళ్ళు సీటు మీదికి పెట్టుకుని ఉన్నారు. పదకొండేళ్ళైనా రెండో వేలి చుట్టూ ఆ సన్నటి నొక్కు ఇంకా ఉంది.

“మీరు తెచ్చినవేగా అత్తయ్యా. మీరే పెట్టండి” అన్నాను.

అని, నా ఎడమ కాలు చాపి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ నా ముఖం వైపు ఒకసారి చూశారు. తర్వాత కొంగుతో నా వేలు తుడిచి, మట్టెను మెల్లగా తిప్పుతూ ఎక్కించారు. అది తేలిగ్గా వెళ్ళింది. రెండో కాలు ఇవ్వమని ఆవిడే అడిగారు.